దానియేలు తేదీ గొడవ: 1976ను చూడకుండా తేలేది కాదు

దానియేలు గ్రంథం ఎప్పుడు రాశారన్న పాత గొడవ మళ్లీ రాజుకుంది. క్రీ.పూ. 6వ శతాబ్దిలోనే రాశారని సంప్రదాయ పక్షం, క్రీ.పూ. 165 ప్రాంతంలో పూర్తయిందని విమర్శక పండితులు అంటారు. ఈసారి కారణం 2025 జూన్ 4న ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన మ్లాడెన్ పోపోవిచ్ బృందం చేతిరాత తీరును చూసి రాతప్రతి వయసు అంచనా కట్టే ఏఐ ప్రోగ్రామ్‌ను తయారు చేసింది. దానికి ఆదికాండంలోని హనోకు పేరే పెట్టారు. మృతసముద్రపు చుట్టల్లో (కుమ్రాన్ తదితర చోట్ల గుహల్లో దొరికిన పాత యూదు రాతప్రతుల్లో) 24 నమూనాల రేడియోకార్బన్ తేదీలతో దానికి శిక్షణ ఇచ్చి, తేదీ తెలియని 135 రాతప్రతుల మీద పరీక్షించారు. వాటిలో 79 శాతం అంచనాలు నమ్మదగ్గవేనని లిపి నిపుణులు తేల్చారు. 1950ల్లో అక్షరాలు బాగా కనబడాలని ఈ ముక్కలకు ఆముదం రాశారు. పాత రేడియోకార్బన్ పరీక్షల్లో కొన్ని దానివల్లే తప్పుదారి పట్టాయన్న అనుమానం ఉంది కాబట్టి ఈసారి నమూనాలను ముందే శుభ్రం చేశారు.

గొడవంతా 4క్యూ114 అనే ముక్క మీద. ఇది దానియేలు గ్రంథానికి ఒక నకలు. అక్షరాల తీరును బట్టి క్రీ.పూ. 2వ శతాబ్ది చివరిదని ఇన్నాళ్లూ అనుకున్నారు. కొత్త రేడియోకార్బన్ లెక్క క్రీ.పూ. 230కీ 160కీ మధ్య అంటోంది. సంప్రదాయ పక్షం వాళ్లు వెంటనే 230ని పట్టుకున్నారు. విమర్శక పండితులు 160ని చూపించారు.

ఆ ముక్కలో మిగిలినవి 10, 11 అధ్యాయాల్లోని కొన్ని వచనాలే. ఆఖరున కనిపించేది 11:29. ఉత్తర దేశపు రాజు మళ్లీ దక్షిణ దేశం మీదికి వెళ్తాడని చెప్పే వచనం అది. చరిత్రలో దానికి సరిపోయేది సిరియాను ఏలిన గ్రీకు రాజు నాలుగవ అంతియొకస్ క్రీ.పూ. 168లో ఐగుప్తు మీదికి వెళ్లిన రెండో దండయాత్ర. ముక్క క్రీ.పూ. 230 నాటిదైతే జరగబోయేది అరవై ఏళ్ల ముందే రాసిపెట్టినట్టు. 160ల నాటిదైతే జరిగిపోయినదాన్ని జరగబోయేదిగా రాసినట్టు. రేడియోకార్బన్ చెప్పేది ఒక సంవత్సరం కాదు, ఒక వ్యవధి. ఆ వ్యవధిలో రెండు వాదాలకూ చోటుంది. గ్రంథకర్త జీవించాడని తాము భావిస్తున్న కాలానికే ఈ నకలు చెందుతుందని పోపోవిచ్ బృందం అన్నది. గ్రంథం క్రీ.పూ. 165 ప్రాంతంలో పూర్తయిందన్న ప్రధాన అభిప్రాయాన్ని వాళ్లేమీ కొట్టిపారేయలేదు. కాకపోతే రచనకూ నకలుకూ మధ్య ఎడం బాగా తగ్గిపోయింది, దానికి విమర్శక పండితులు జవాబు చెప్పుకోవాలి.

దానియేలు అంతియొకస్ కాలంలో రాసిందేనన్న ప్రాచీన తత్వవేత్త పోర్ఫిరీ వాదం, దానికి సంఘ పండితుడు జెరోము జవాబు, దానియేలు 5లోని బెల్షస్సరు ఎవరి కొడుకన్న ప్రశ్న, 11వ అధ్యాయం చివర్లో చెప్పినట్టు కాకుండా అంతియొకస్ పర్షియా వైపు చనిపోవడం, ఇవన్నీ ఈ చర్చను గమనించేవారికి తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది వేరు. ఈ తేదీ ఎటు తేలినా, హీబ్రూ ప్రవచన సాహిత్యంలోంచి అంత్యదిన దర్శనాల సాహిత్యం ఎలా పుట్టిందన్న ప్రశ్న దానితో తేలదు. ఆ ప్రశ్నను దానియేలు చేతుల్లోంచి 1976లోనే తీసేసుకున్నారు.

అంతకుముందు పాఠ్యపుస్తకాల్లో ఉన్న కథ సూటిగా ఉండేది. ప్రవక్తలు వచ్చారు, చెరకాలం గడిచింది, ప్రవచనం ఆగిపోయింది. అప్పుడు అంతియొకస్ యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేశాడు. ఆ హింసలో నలిగిపోయిన భక్తులకు ధైర్యం చెప్పడానికి దానియేలు గ్రంథం వచ్చింది, అక్కడితో ఈ కొత్త సాహిత్యం మొదలైంది. ఇంగ్లండ్‌లో హెచ్.హెచ్. రౌలీ 1940ల్లో దీన్ని గట్టిగా స్థిరపరిచాడు. జర్మనీలో గెర్హార్డ్ ఫాన్ రాడ్ 1960లో వేరే మాట అన్నాడు. ఈ సాహిత్యపు వేళ్లు ప్రవచనంలో కంటే జ్ఞానసాహిత్యంలో ఉన్నాయన్నాడు. ఆయన్ని సమర్థించినవాళ్లు తక్కువ. 1975లో అమెరికాలో పాల్ హాన్సన్ ప్రవచనం వైపే మరింత బలంగా నిలబడ్డాడు. చెర నుంచి తిరిగొచ్చాక యాజక వర్గం దేవాలయాన్ని చేజిక్కించుకుందని, పక్కకు నెట్టబడ్డ దర్శనకారులు యెషయా 56-66, జెకర్యా 9-14 అధ్యాయాల్లో తమ ఆశనంతా ఆకాశానికి మళ్లించారని, ఈ సాహిత్యపు తెల్లవారుజాము అదేనని ఆయన వాదన. చదవడానికి చాలా బాగుంటుంది. అణచివేతకు గురైనవాళ్ల గొంతు అందులో వినిపిస్తుంది కాబట్టి ఎంతోమందికి నచ్చింది కూడా.

సరిగ్గా మరుసటి ఏడాది యూజెఫ్ మిలిక్ పుస్తకం ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది.

మిలిక్ పోలండ్‌లో పుట్టిన కేథలిక్ పురోహితుడు. 1952లో కుమ్రాన్ 4వ గుహ దొరికాక, అందులోంచి వచ్చిన వేలాది తునకలను కలిపి చదివిన చిన్న బృందంలో ఒకడు. ఎక్కడి అక్షరం ఎక్కడ అతుకుతుందో గుర్తుపట్టడంలో ఆయనకు సాటి లేరని తోటి పండితులే అనేవారు. ఆయన చేతికి వచ్చినవాటిలో హనోకు గ్రంథపు అరామిక్ ముక్కలున్నాయి, మొత్తం పదకొండు రాతప్రతులవి. అప్పటిదాకా ఆ గ్రంథం పూర్తిగా దొరికింది ఇథియోపియా సంఘపు గీజ్ భాషలోనే. జేమ్స్ బ్రూస్ 1773లో ఆ ప్రతులను యూరప్‌కు తెచ్చాడు. కానీ అది ఎంత పాతదో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. గుహ దొరికింది 1952లో, పూర్తి సంపుటం వచ్చింది 1976లో. మధ్యలో వ్యాసాల్లో కొంత బయటపెట్టినా, ఈ ఇరవై నాలుగేళ్లూ ప్రపంచమంతా పాత కథనే పాఠంగా చెప్పుకుంది. చుట్టల ప్రచురణలో జరిగిన ఆలస్యం గురించి చాలా రాశారు. నా లెక్కలో దానివల్ల జరిగిన అతిపెద్ద నష్టం ఇదే.

ఆ ముక్కలు తేల్చిందేమిటి? హనోకు గ్రంథంలోని ఖగోళ భాగపు ప్రతుల్లో ఒకదాన్ని మిలిక్ క్రీ.పూ. 3వ శతాబ్ది చివరికో 2వ శతాబ్ది తొలినాళ్లకో కట్టాడు. భూమికి దిగివచ్చిన కావలి దూతల కథ ఉన్న భాగపు ప్రతి ఒకటి 2వ శతాబ్ది మొదటి సగానిది. అవన్నీ నకళ్లే కాబట్టి మూలరచనలు 3వ శతాబ్దికో, ఇంకా ముందుకో వెళ్తాయి. అంటే అంతియొకస్ పుట్టకముందే, దేవాలయం అపవిత్రం కాకముందే, యూదుల్లో ఎవరో పరలోకయాత్ర రాశారు, దేవదూతల పేర్లు రాశారు, చనిపోయినవారి ఆత్మలు తీర్పు దాకా వేచి ఉండే చోట్లను వర్ణించారు. హింస లేకుండానే ఈ సాహిత్యం పుట్టిందన్నమాట. దానియేలు 7వ అధ్యాయంలోని అగ్నిజ్వాలల సింహాసనానికి ముందే హనోకు 14వ అధ్యాయంలో చక్రాలున్న సింహాసనం ఉంది.

మిలిక్ అన్నదంతా నిలబడలేదు. ఆదికాండం 6వ అధ్యాయం కంటే హనోకు కథే పాతదన్నాడు, ఎక్కువమంది ఒప్పుకోలేదు. హనోకు గ్రంథంలో 37-71 అధ్యాయాల ముక్క ఒక్కటి కూడా కుమ్రాన్‌లో దొరకలేదు కాబట్టి వాటిని క్రీ.శ. 3వ శతాబ్దికి నెట్టాడు, అదీ నిలవలేదు. చిరిగిన చోట్ల ఊహతో నింపిన మాటలు ఉన్న మాటల కంటే ఎక్కువయ్యాయన్న విమర్శ న్యాయమైనదే. 1990ల్లో ఖగోళ భాగపు ఆ పాత ముక్కకు రేడియోకార్బన్ పరీక్ష చేస్తే తేదీ 2వ శతాబ్దిలోకి జరిగింది. అయినా మూలరచన దానియేలు దర్శనాల కంటే ముందుదన్న అసలు సంగతి మాత్రం చెక్కుచెదరలేదు. క్రీ.పూ. 180 ప్రాంతంలో యెరూషలేములో రాసిన బెన్ సీరా తన పితరుల స్తుతిలో యెషయా, యిర్మీయా, యెహెజ్కేలులను, పన్నెండుమంది చిన్న ప్రవక్తలను చెప్పి హనోకును మెచ్చుకున్నాడు. దానియేలు ఊసే ఎత్తలేదు. రెండు గ్రంథాల్లో అప్పటికి ఏది పేరున్నదో దీన్నిబట్టే తెలుస్తుంది.

మిలిక్ తర్వాత పండితులు అడగాల్సిన ప్రశ్నే మారిపోయింది. హింస కాకపోతే మరి ఎక్కడి నుంచి? ఆదాము మొదలు ఏడవవాడైన హనోకు ప్రవచించాడని యూదా పత్రికలో మన తెలుగు సంఘాల్లో ఎంతోమంది చదివే ఉంటారు. ఆ ప్రవచనం హనోకు గ్రంథం మొదటి అధ్యాయంలోనిది, దాని అరామిక్ ముక్క కూడా 4వ గుహలో దొరికింది. ఇక ఆ ఏడవ స్థానం సంగతి. జలప్రళయానికి ముందటి రాజుల బబులోను జాబితాలు కొన్నిటిలో ఏడవ రాజు సిప్పరు నగరానికి చెందిన ఎన్మెదురాంకి. సూర్యదేవుడు షమాష్, తుపాను దేవుడు అదద్ ఇతన్ని తమ సభలోకి పిలిచి శకునాల విద్య నేర్పారని అక్కడి పలకలు చెప్తాయి. ఆదికాండంలో హనోకు బతికినవి 365 ఏళ్లు, సౌర సంవత్సరంలోని రోజులన్ని. హనోకు ఖగోళ భాగంలో సూర్యుడు ఏ ద్వారంలోంచి ఉదయిస్తాడు, పగలు ఎంత, రాత్రి ఎంత అన్న లెక్కలకు దగ్గరి పోలిక బబులోను పలకల్లో కనిపిస్తుంది. జేమ్స్ వాండర్‌కామ్ 1984లో ఈ దారిని వివరంగా తవ్వాడు. ఆయన చూపించిన హనోకు వీధిలో నిలబడి కేకవేసే ఆమోసు లాంటివాడు కాడు, పలకలు చదివే విద్వాంసుడు. ఫాన్ రాడ్ సగం సరైన మాటే అన్నాడని అప్పుడు అర్థమైంది.

దానియేలు 11కే తిరిగొస్తే, దానికి అతి దగ్గరి పోలిక కూడా బబులోనులోనే ఉంది. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక పలకను ఎ.కె. గ్రేసన్ 1975లో ప్రచురించాడు. పేర్లు చెప్పకుండా ఒక రాజు లేస్తాడు, ఇన్నేళ్లు ఏలుతాడు అంటూ అష్షూరు పతనం నుంచి అలెగ్జాండర్ కాలం దాకా జరిగిపోయిన చరిత్రను భవిష్యత్తుగా రాసిన పలక అది. రాసినవాడు మోసగాడని ఎవరూ అనరు. ఆ ప్రాంతపు లేఖకులకు అది తెలిసిన రచనా పద్ధతి. దానియేలు విషయంలో మాత్రం అదే పద్ధతిని ఒప్పుకోవడం కొందరికి దేవుని వాక్యాన్ని అబద్ధం చేసినట్టు అనిపిస్తోంది. ఆ బాధ నిజమైనదే. నాలుగు మృగాల మీద, డెబ్బది వారాల మీద చార్టులు వేసి బోధించే సంఘాల్లో పెరిగినవారికి ఇది మామూలు తేదీ లెక్క కాదు.

సంప్రదాయ పక్షం చూపించేవాటిలో బలమైనవీ ఉన్నాయి. కుమ్రాన్‌లో దానియేలు ప్రతులు ఎనిమిది దొరికాయి, ఇప్పుడే రాసిన గ్రంథానికి అంత త్వరగా అంత గౌరవం ఎలా వచ్చిందని వాళ్లు అడుగుతారు. అక్కడి ఒక చుట్ట దానియేలును ప్రవక్త అనే పిలుస్తుంది. 1-6 అధ్యాయాల కథలకు పాత మూలాలున్నాయనే విషయంలో వాళ్లతో విమర్శక పండితులు చాలావరకు ఏకీభవిస్తారు. ఆ సాక్ష్యాన్ని 1956లో బయటపెట్టింది కూడా మిలిక్కే. బబులోను ఆఖరి రాజు నబోనిదు అరేబియాలోని తేమాలో ఏడేళ్లు వ్యాధితో ఉండి, ఒక యూదుడి మాటతో దేవుణ్ణి తెలుసుకున్నట్టు చెప్పే ప్రార్థన ముక్క అది. దానియేలు 4లో నెబుకద్నెజరు గడ్డి మేసిన కథ వెనక నబోనిదు జ్ఞాపకం ఉందని దాన్నిబట్టే ఎక్కువమంది నమ్ముతున్నారు.

ఇప్పుడు 4క్యూ114ను 230 వైపు లాగినా, దాన్నుంచి క్రీ.పూ. 6వ శతాబ్దికి చేరడానికి ఇంకా మూడు వందల ఏళ్లు మిగిలే ఉంటాయి. 160 వైపు లాగితే దానియేలు దర్శనాలు అప్పటికే నడుస్తున్న హనోకు సంప్రదాయం పక్కన వచ్చి చేరినట్టే. రెండు పక్షాలకూ అసలు తేడా తెచ్చేవి అంతియొకస్ చావు గురించిన 11:40-45 వచనాలు. ఆ వచనాలు ఈ ముక్కలో మిగల్లేదు.