దగ్గరి దారి వేరు, తొందర దారి వేరు

న్యూయార్క్, బీజింగ్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, రెండూ ఉత్తరాన 40 డిగ్రీల దగ్గరే. గోడకు తగిలించిన పటం చూస్తే పసిఫిక్ మీదుగా నేరుగా పడమరకు పోవడమే దగ్గర అనిపిస్తుంది. అలా అక్షాంశం వెంట వెళితే సుమారు 14,500 కిలోమీటర్లు. ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా వెళితే దాదాపు 11,000 చాలు. గ్లోబు మీద ఈ రెండు ఊళ్లనూ కలుపుతూ దారాన్ని బిగించి పట్టుకుంటే అది తనంతట తానే పైకి జరిగి ఆ దారి చూపిస్తుంది. భూమిని సరిగ్గా రెండు సగాలు చేసే ఇలాంటి గీతను మహావృత్తం అంటారు. రెండు విమానాశ్రయాల మధ్య దూరం అని మనకు చెప్పే అంకె సాధారణంగా దీని వెంట కొలిచినదే.

ఆ అంకెను విమాన వేగంతో, అంటే గంటకు సుమారు 900 కిలోమీటర్లతో భాగిస్తే ప్రయాణ సమయం వస్తుందా? రాదు. ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం మొదట్లో అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016లో దాన్ని పసిఫిక్ వైపు మళ్లించారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది, ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గింది!

కారణం గాలి. మధ్య అక్షాంశాల మీద, విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం సాగుతుంటుంది. దాని వేగం ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. 1920లలో జపాన్ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి దీన్ని కొలిచారు. ప్రపంచమంతా చదవాలని ఫలితాలను ఎస్పెరాంటోలో, అంటే అన్ని దేశాలవారికీ ఉమ్మడిగా ఉండాలని కొత్తగా తయారుచేసిన భాషలో, ప్రచురించారు. పాపం, దాంతోనే దాన్ని చదివినవారు బహు కొద్దిమంది.

భూమి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి పడమరకు ఎగిరే విమానం త్వరగా చేరాలి కదా అని కొందరి వాదన. భూమితో పాటు వాతావరణమూ తిరుగుతుంది, అందులోని విమానమూ తిరుగుతుంది. ఆ వాదన అక్కడితో సరి. నిజానికి గాలి వల్ల పడమటి ప్రయాణమే ఆలస్యం.

పోతున్నప్పుడు కలిసొచ్చింది, వస్తున్నప్పుడు పోయింది, లెక్క సరిపోయిందని కూడా అనుకోలేం. 6,000 కిలోమీటర్ల దూరం, 150 కిలోమీటర్ల గాలి అనుకుందాం. గాలివాలున 1,050 వేగంతో 5 గంటల 43 నిమిషాలు, ఎదురుగాలిలో 750 వేగంతో 8 గంటలు. మొత్తం 13 గంటల 43 నిమిషాలు. అసలు గాలే లేకపోతే 13 గంటల 20 నిమిషాల్లో అయిపోయేది. ఎదురుగాలిలో ఎక్కువసేపు గడపాల్సి రావడమే ఈ నష్టానికి మూలం.

2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి లండన్‌కు ఒక జంబో జెట్ 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీది లెక్కలో దాని వేగం 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా అది ధ్వని వేగాన్ని మించలేదు, ఎందుకంటే ఆ పోలిక చుట్టూ ఉన్న గాలితో చేయాలి, ఆ గాలే పరుగెడుతోంది.

ఇక టికెట్టు మీది సమయంలో ఎగిరే గంటలే కాదు, గేటు వదిలాక రన్‌వే దాకా పాకడం, దిగాక మళ్లీ గేటుకు చేరడం కూడా కలిసి ఉంటాయి. ఉత్తరార్ధగోళంలో చలికాలంలో జెట్ స్ట్రీమ్ బలపడుతుంది గనుక, ఒకే దారిలో పడమరకు వెళ్లే విమానానికి వేసవిలో కంటే శీతాకాలంలో ఎక్కువ సమయం కేటాయించడం మామూలే.