ఓవర్‌క్లాకింగ్: ముందు చేతులెత్తేసేది ప్రాసెసరా, మదర్‌బోర్డా?

ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం. కర్నూలులో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది 38 డిగ్రీలకు సులువుగా చేరుతుంది. చలికాలంలో 22 డిగ్రీల గదిలో పూర్తి లోడు మీద 80 దగ్గర నిలిచిన ప్రాసెసర్ అప్పుడు 96కు పోతుంది. కూలర్ చిప్ వేడిని గది గాలికి అప్పగిస్తుంది, అంతే. గది ఎంత వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంత వేడెక్కుతుంది. ఏఎండీ రైజెన్ 7000 చిప్‌లలో చాలావాటికి 95, ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలో చాలావాటికి 100 డిగ్రీలు గరిష్ఠ హద్దు. అది తాకితే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి రాయలసీమలో ఓవర్‌క్లాక్ సెట్టింగును ఎండాకాలంలోనే తేల్చుకోవాలి.

వేగమంటే 100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్‌ను మల్టిప్లయర్‌తో హెచ్చవేయడం. 45 పెడితే 4.5 గిగాహెర్ట్జ్. ఇంటెల్‌లో మల్టిప్లయర్ పెంచాలంటే పేరు చివర ‘కె’ ఉన్న చిప్, జెడ్ వరుస చిప్‌సెట్ బోర్డు రెండూ కావాలి. రైజెన్‌లలో మల్టిప్లయర్ చాలావరకు తెరిచే వస్తుంది, కానీ ఏ320, ఏ520 బోర్డులు ఒప్పుకోవు.

వేడి వేగంతో పాటు, వోల్టేజీ వర్గంతో (వోల్టేజీ × వోల్టేజీ) పాటు పెరుగుతుంది. 4.5 నుంచి 4.8కి వెళ్తే వేగం 7 శాతమే పెరిగింది. దానికోసం వోల్టేజీని 1.25 నుంచి 1.35కి పెంచితే మాత్రం వేడి సుమారు 24 శాతం పెరుగుతుంది.

ఇక్కడే మదర్‌బోర్డు సంగతి వస్తుంది, చాలామంది చూడనిదీ ఇదే. పవర్ సప్లై ఇచ్చే 12 వోల్టులను 1.25కి దించేది ప్రాసెసర్ సాకెట్ పక్కనుండే వీఆర్‌ఎం (వోల్టేజీ రెగ్యులేటర్). ప్రాసెసర్ 150 వాట్లు తాగితే అందులోంచి 120 ఆంపియర్లు పారాలి. అది 90 శాతం సామర్థ్యంతో పనిచేసినా 17 వాట్ల దాకా అక్కడే వేడవుతుంది. చౌక బోర్డుల్లో వీఆర్‌ఎంలోని మాస్‌ఫెట్ల (కరెంటు స్విచ్చుల) మీద వేడిని లాగే హీట్‌సింకే ఉండదు. అవి మితిమీరి కాగితే, ప్రాసెసర్ 75 డిగ్రీల్లోనే ఉన్నా వేగం పడిపోతుంది. తప్పు ప్రాసెసర్ మీదికి పోతుంది. లిక్విడ్ కూలర్ పెట్టాక ఇది ఇంకా ముదరొచ్చు, ఎందుకంటే పాత ఫ్యాను కిందికి ఊదిన గాలి ఈ భాగాలకూ తగిలేది. వాటికి ఎదురుగా చిన్న ఫ్యాను పెట్టండి. వేడి కొలతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో సాఫ్ట్‌వేర్‌లో వీఆర్‌ఎం వేడి కనిపిస్తే 100 లోపు ఉంచండి.

మొదట బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల మెనూలో) ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగును ఆపి, మల్టిప్లయర్‌ను ఒక్కొక్కటే పెంచండి. ప్రతిసారీ ప్రాసెసర్‌కు పూర్తి లోడు పెట్టే సినీబెంచ్ పరీక్షను 10 నిమిషాలు నడపండి. బ్లూ స్క్రీన్ వస్తే 0.02 వోల్టులు పెంచండి, లేదా ఒక మెట్టు దిగండి, దిగడమే మేలు. ప్రాసెసర్ వేడి 85 దాటితే అక్కడ ఆగిపోవాలి. సిస్టమ్ అసలు ఆన్ కాకపోతే ప్లగ్ పీకి, బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి పెట్టండి. బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి.