రోడ్డు నెడితేనే బండి కదులుతుంది

పొలం గట్టు దిగి బురదలో కూరుకుపోయిన ట్రాక్టరును మీరు చూసే ఉంటారు. డ్రైవరు ఎక్సలరేటర్ తొక్కేకొద్దీ ఇంజిన్ హోరెత్తుతుంది, వెనక చక్రాలు గిరగిరా తిరుగుతూ బురద చిమ్ముతాయి, ట్రాక్టరు మాత్రం అంగుళం కదలదు. ఇంజిన్ బాగానే ఉంది, డీజిల్ ఉంది, చక్రం తిరుగుతోంది. లేనిదల్లా చక్రం కింద గట్టి నేల. చుట్టుపక్కల వాళ్లు రాళ్లో, తాటి మట్టలో, గోనె సంచులో తెచ్చి చక్రం కింద వేస్తారు. టైరుకు పట్టు దొరకగానే ట్రాక్టరు ఒక్క ఊపులో బయటికి వచ్చేస్తుంది.

బండిని ఇంజిన్ నడిపిస్తుందని అనుకుంటాం. ఇంజిన్ పని చక్రాన్ని తిప్పడం వరకే. తిరిగే టైరు రోడ్డును వెనక్కి నెడుతుంది, రోడ్డు అంతే బలంతో టైరును ముందుకు నెడుతుంది. బండి కదిలేది రోడ్డు నెట్టిన ఆ నెట్టుడుతోనే. చర్యకు సమానంగా, దానికి ఎదురు దిశలో ప్రతిచర్య ఉంటుందని 1687లో న్యూటన్ చెప్పిన మూడో సూత్రం మన కాళ్ల కింద, చక్రాల కింద రోజంతా ఇలా పనిచేస్తూనే ఉంటుంది. నడిచేటప్పుడు మన పాదం నేలను వెనక్కి తోస్తుంది, నేల మనల్ని ముందుకు తోస్తుంది. నీళ్లు ఒలికిన గ్రానైట్ గచ్చు మీద అడుగేస్తే నేల ఆ సాయం చేయలేదు, కాలు జారుతుంది.

మరి రోడ్డే లేని చోట? శ్రీహరికోట నుంచి 640 టన్నుల ఎల్‌వీఎం3 రాకెట్ లేచేటప్పుడు దేన్ని తోసుకుని పైకి వెళ్తోందని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. పెద్దవాళ్లు కూడా ఇందులో బోల్తా పడ్డారు. శూన్యంలో తోయడానికి గాలి ఉండదు కాబట్టి రాకెట్ అక్కడ పనిచేయదని, అమెరికా రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్‌ను ఎద్దేవా చేస్తూ 1920లో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం రాసింది. 1969 జులైలో అపోలో 11 చంద్రుడి దారి పట్టాక ఆ పత్రిక తప్పు దిద్దుకుంది. రాకెట్ తాను తోయాల్సిన సరుకును తనతోనే మోసుకెళ్తుంది. ఇంధనం మండి పుట్టిన వాయువులను మహావేగంతో కిందికి తోస్తే, ఆ వాయువులు దాన్ని పైకి తోస్తాయి. మన బండ్లకు అలాంటి ఏర్పాటు లేదు. వాటికి రోడ్డే దిక్కు.

ఆ రోడ్డుతో మన బండికి ఉన్న సంబంధం ఎంత చిన్నదో లెక్క వేసి చూద్దాం. 1200 కిలోల కారు బరువు నాలుగు టైర్ల మీద పడితే ఒక్కో టైరుకు 300 కిలోలు వస్తుంది. టైర్లలో గాలి 32 పాయింట్లు పెట్టామంటే ఒక్కో చదరపు సెంటీమీటరు సుమారు 2.2 కిలోల బరువు మోస్తుంది. 300ని 2.2తో భాగిస్తే ఒక్కో టైరు రోడ్డును తాకే మేర దాదాపు 136 చదరపు సెంటీమీటర్లు. మన అరచేయి అంత. మోటారు సైకిలుకైతే అందులో సగం కూడా ఉండదు. బండి బయల్దేరాలన్నా, మలుపు తిరగాలన్నా, ఆగాలన్నా కావలసిన బలం మొత్తం ఆ కాస్త రబ్బరు ముక్క గుండానే రావాలి. బండి నడిపే ప్రతి ఒక్కరూ మనసులో పెట్టుకోవలసిన లెక్క ఇది.

బ్రేకు సంగతీ ఇంతే. బ్రేకు ఆపేది చక్రాన్ని. బండిని ఆపేది రోడ్డు. బస్సు సడెన్ బ్రేకు వేసినప్పుడు నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలుతారు. ఎవరో వెనక నుంచి తోసినట్టు ఉంటుంది కానీ ఎవరూ తోయలేదు. వాళ్లు అంతకుముందు ఎంత వేగంతో వెళ్తున్నారో అదే వేగంతో వెళ్తున్నారు. వేగం తగ్గింది బస్సుకు. కదిలే వస్తువు తనంతట తాను ఆగదని, ఆపడానికి బయటి బలం ఒకటి కావాలని చెప్పే మొదటి సూత్రం ఇక్కడ కనిపిస్తుంది. ఆ గుణానికే జడత్వం అని పేరు. పైన కమ్మీ పట్టుకున్నవాడి చేతిని ఆ కమ్మీ వెనక్కి లాగుతుంది కాబట్టి అతను ఆగుతాడు. పట్టుకోనివాడు ముందున్న సీటు తగిలాక ఆగుతాడు.

రోడ్డు ఎంత గట్టిగా ఆపగలదు? బాగా ఉన్న టైర్లు, పొడి తారు రోడ్డు అయితే గడిచే ప్రతి సెకనుకూ బండి వేగాన్ని సెకనుకు సుమారు 7 మీటర్ల చొప్పున తగ్గించగలదు. ఆ లెక్కన 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి బ్రేకు పట్టాక 9 మీటర్లలో ఆగుతుంది. 60లో ఉంటే 20 మీటర్లు కావాలి, 80లో ఉంటే సుమారు 35. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. ఇది బ్రేకు పట్టిన తర్వాతి దూరం మాత్రమే. కళ్లు చూసి, మెదడు గ్రహించి, కాలు బ్రేకు మీద పడేసరికి సుమారు ఒక సెకను పోతుంది. 60 వేగంలో ఆ సెకనులో బండి మరో 17 మీటర్లు వెళ్లిపోతుంది. ఫోను చూస్తూ నడిపేవాడికి పోయేది ఒక్క సెకనుతో సరిపోదు.

బరువైన బండి ఆగడానికి ఎక్కువ దూరం కావాలి కదా అని అడగొచ్చు. బరువు పెరిగితే ఘర్షణ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుందని 1699లో ఫ్రాన్సుకు చెందిన గియోమ్ అమోంటాన్ చెప్పాడు. రబ్బరు ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించదు గానీ, మన లెక్కకు చాలు. ఆ ప్రకారం లారీ, కారు ఒకే దూరంలో ఆగాలి. రోడ్డు మీద అలా జరగదు. లారీ టైరు రబ్బరు గట్టిది, ఎయిర్ బ్రేకు పట్టడానికి క్షణం ఆలస్యమవుతుంది, లోడు ఎక్కువైతే బ్రేకులు వేడెక్కి అలసిపోతాయి. లారీ ముందు కాస్త ఖాళీ కనిపించగానే ఆటోనో బైకునో దూర్చేస్తుంటారు. అది ఖాళీ కాదు, ఆ లారీ ఆగడానికి డ్రైవరు ఉంచుకున్న దూరం.

తిరుగుతున్న చక్రానికీ బిగుసుకుపోయిన చక్రానికీ పెద్ద తేడా ఉంది. చక్రం సరిగ్గా దొర్లుతున్నప్పుడు, రోడ్డును తాకిన ఆ అరచేయి అంత రబ్బరు ఆ క్షణానికి రోడ్డు మీద నిశ్చలంగా ఉంటుంది. జారని రబ్బరుకు పట్టు ఎక్కువ. బ్రేకు మరీ గట్టిగా నొక్కితే చక్రం బిగుసుకుపోయి టైరు ఈడ్చుకుపోతుంది. అప్పుడు పట్టు తగ్గుతుంది, పైగా హ్యాండిల్ ఎటు తిప్పినా బండి తాను పోయే దారినే పోతుంది. చక్రం బిగుసుకోబోతోందని పసిగట్టి, బ్రేకును సెకనులో ఎన్నోసార్లు వదిలి పట్టే ఏర్పాటే ఏబీఎస్. మన దేశంలో 125 సీసీ దాటిన మోటారు సైకిళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి దీన్ని తప్పనిసరి చేశారు.

ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామన్న భయం మనవాళ్లలో చాలామందికి ఉంది. బండి నేర్పేవాళ్లు కూడా వెనక బ్రేకు మీదే కాలు ఉంచమంటారు. కానీ బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. బరువు లేని చోట పట్టూ ఉండదు. అందుకే ఒక్క వెనక బ్రేకునే తొక్కితే వెనక టైరు ఇట్టే జారుతుంది, ఆగే దూరమూ బాగా పెరుగుతుంది. రెండు బ్రేకులూ కలిపి వాడాలి, ముందుది ఒక్కసారిగా లాగకుండా క్రమంగా బిగించాలి. బండి తిన్నగా ఉన్నప్పుడు, ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంలో ఇది అలవాటు చేసుకోవచ్చు.

వాన పడితే పై లెక్కలన్నీ మారిపోతాయి. తడి రోడ్డు ఇచ్చే పట్టు 7 నుంచి 4కు పడిపోయిందనుకుంటే, 60 వేగంలో 20 మీటర్లలో ఆగాల్సిన బండికి 35 మీటర్లు కావాలి. అన్నిటికన్నా ప్రమాదకరమైనవి మొదటి చినుకులు. ఎండాకాలమంతా పేరుకున్న దుమ్ము, కారిన ఆయిలు ఆ కాస్త తడికి కలిసి జారుడు పొరలా తయారవుతాయి. గట్టి వాన పడి రోడ్డు కడిగేశాక కొంత నయం. టైరు మీది గాడులు ఉన్నది నీటిని పక్కలకు తోసెయ్యడానికే. అరిగి గుండైన టైరుకు ఆ దారి ఉండదు. నీరు నిలిచిన చోట వేగంగా వెళ్తే టైరు నీటి పొర మీదికి ఎక్కేస్తుంది. అప్పుడు రోడ్డుతో సంబంధమే తెగిపోతుంది.

కోతల కాలంలో మన పల్లె రోడ్ల మీద ఇంకో ప్రమాదం ఉంది. వడ్లు, మొక్కజొన్నలు తారు రోడ్డు మీదే ఆరబోస్తారు. కొన్ని చోట్ల కంది కట్టె, ఉలవ కట్టె రోడ్డుకు అడ్డంగా పరిచి, పోయే బండ్ల చేత తొక్కించి గింజ రాలుస్తారు. కల్లం చేసుకునే జాగా లేక, ఆరబెట్టుకునే సిమెంటు గచ్చు ఊళ్లో లేక రైతు ఆ పని చేస్తున్నాడు. అతన్ని తిట్టి లాభం లేదు. అయితే గింజల మీదికి ఎక్కిన టైరు రోడ్డును తాకదు. గింజలు దాని కింద దొర్లుతాయి, జారుతాయి. అక్కడ బ్రేకు వేసినా, హ్యాండిల్ తిప్పినా బండి పడిపోతుంది. దూరం నుంచే వేగం తగ్గించుకుని, బ్రేకు ముట్టకుండా తిన్నగా దాటాలి. రాత్రిపూట కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు, దాని మీద కప్పిన నల్ల పట్టాలు దగ్గరికి వచ్చేదాకా కనపడవు. ఊరికి రెండు మంచి ఆరబెట్టే గచ్చులు కట్టించడం రోడ్డు భద్రత కింద కూడా లెక్కకొచ్చే పని.

ఘాట్ రోడ్డు మలుపులో మనల్ని ఎవరో బయటికి విసిరేస్తున్నట్టు ఉంటుంది. అక్కడా విసిరేవాళ్లు ఎవరూ లేరు. మన శరీరం తిన్నగా పోవాలని చూస్తుంది, బస్సు లోపలి వైపు తిరుగుతుంది. బస్సును అలా తిప్పేది కూడా టైర్ల కింది ఘర్షణే. 20 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును 20 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే సెకనుకు సెకనుకు 1.5 మీటర్ల త్వరణం (వేగం గానీ దిశ గానీ మారే రేటు) చాలు. 40తో తిరగాలంటే 6 దాటుతుంది. పొడి రోడ్డు ఇవ్వగలిగేది 7, తడి రోడ్డు ఇవ్వగలిగేది 4. వానలో ఆ మలుపు దగ్గర 40 వేగం ఎందుకు పనికిరాదో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

కొండ దిగేటప్పుడు బ్రేకుల మీద పడే భారం మనం ఊహించేదానికన్నా ఎక్కువ. తిరుమలకూ కింద తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 15 టన్నుల బస్సు అంత ఎత్తు నుంచి దిగితే, ఆ శక్తంతా వేడిగా మారితే, దాదాపు 350 లీటర్ల మామూలు నీళ్లను మరిగే దాకా తేవచ్చు. అంత వేడినీ బ్రేకు డ్రమ్ములే భరించాల్సి వస్తే లైనింగు పట్టు కోల్పోతుంది, పెడల్ తొక్కినా బస్సు ఆగదు. అందుకే ఎక్కిన గేరులోనే దిగమని డ్రైవర్లు చెబుతారు. ఇంజిన్ చక్రాలను వెనక్కి పట్టి కొంత భారం తాను తీసుకుంటుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లు ఆ సాయాన్ని చేజేతులా వదులుకుంటున్నారు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లు గేరులో ఉండి ఎక్సలరేటర్ వదిలేస్తే ఇంధనాన్నే ఆపేస్తాయి, న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి ఎంతో కొంత తాగుతాయి.

రోడ్డు బండిని ఆపలేకపోతే ఇంకేదో ఆపుతుంది. చెట్టు, డివైడరు, ఎదురుగా వచ్చే లారీ. అప్పుడు రెండో సూత్రం ముందుకొస్తుంది. ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే వచ్చేదే బలం. వేగం ఎంత తక్కువ దూరంలో, ఎంత తక్కువ సమయంలో సున్నా అయితే దెబ్బ అంత ఎక్కువ. ఆగి ఉన్న బండి మీద నుంచి పక్కకు ఒరిగి పడ్డా, మీటరున్నర ఎత్తు నుంచి పడిన తల 20 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. తల బరువు 5 కిలోలు అనుకుందాం. అది 2 మిల్లీమీటర్లలో ఆగితే దాని మీద మూడున్నర టన్నులకు పైగా బరువు పడినట్టు. హెల్మెట్ లోపలి థర్మోకోల్ పొర 25 మిల్లీమీటర్లు నలిగి ఆ దూరాన్ని పెంచితే 300 కిలోలకు తగ్గుతుంది. హెల్మెట్‌లో అసలు సరుకు పైన మెరిసే డిప్ప కన్నా ఆ థర్మోకోలే. ఒకసారి గట్టి దెబ్బ తగిలి నలిగిన పొర మళ్లీ ఉబ్బదు, కాబట్టి అలాంటి హెల్మెట్‌ను మార్చాలి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే తల నేలను తాకేలోపే అది ఎగిరిపోతుంది. ‘ఇక్కడిదాకే కదా’ అని హెల్మెట్ ఇంట్లో వదిలేసేవాళ్లు ఒక్కటి చూడాలి. ఈ లెక్కలో బండి వేగం అసలు రానే లేదు.

కారు ముందు సీట్లో తల్లి ఒళ్లో పసిబిడ్డను కూర్చోబెట్టుకోవడం మన ఇళ్లలో ప్రేమగానే జరుగుతుంది. 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు దేన్నో ఢీకొని సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. 10 కిలోల బిడ్డను పట్టి ఉంచాలంటే 140 కిలోల మూటను ఎత్తి పట్టుకునేంత బలం ఆ చేతుల్లో ఉండాలి. ఏ తల్లికీ తండ్రికీ అది సాధ్యం కాదు. బెల్టు పెట్టుకోకపోతే పెద్దవాళ్ల బరువు కూడా ఆ బిడ్డ మీదే పడుతుంది. దానికి తోడు సెకనులో ఇరవయ్యో వంతు లోపే విచ్చుకునే ఎయిర్‌బ్యాగ్ దెబ్బ. వెనక సీటుకు బిగించిన పిల్లల సీటు అయితే ఆ బలాన్ని బిడ్డ భుజాల మీద, తుంటి మీద పరిచి, కారుతో పాటే బిడ్డ వేగాన్నీ తగ్గిస్తుంది. ద్విచక్ర వాహనాల మీద 4 ఏళ్ల లోపు పిల్లలకు నడిపేవారి భుజాలకు కట్టుకునే పట్టీ, వాళ్లలో 9 నెలలు దాటినవారికి హెల్మెట్ కూడా ఉండాలని, వేగం 40 దాటకూడదని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 2022లో చేర్చారు. 2023 ఫిబ్రవరి నుంచి అది అమల్లో ఉంది. ఆ పట్టీ ఉంటే బండి కుదుపుకు బిడ్డ ఒక్కతే ఎగిరిపోదు, నడిపేవారితో పాటే ఉంటుంది. పెట్రోలు ట్యాంకు మీద కూర్చున్న బిడ్డకు పట్టుకోవడానికి ఉన్నది అద్దం కాడ మాత్రమే.