తెరిచి ఉన్న ఫైలును బ్యాకప్ ఎందుకు వదిలేస్తుంది

పోయిన మార్చి నెలాఖరున బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న ఆడిటర్ ఆఫీసులో నాస్ పెట్టె (ఆఫీసు ఫైళ్లన్నీ నెట్‌వర్క్ మీద అందరికీ అందించే డిస్కుల పెట్టె) డిస్కు పాడైంది. ఆఫీసు నెల్లూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయనది. సిస్టమ్స్ నేను చూస్తాను. "రోజూ రాత్రి బ్యాకప్ అవుతోంది కదా బాబూ, టెన్షన్ ఎందుకు?" అన్నారాయన. ఫైళ్లన్నీ వెనక్కి వచ్చాయి, కానీ ముఖ్యమైన క్లయింటు లెక్కల డేటా ఫైలు మాత్రం 19 రోజుల పాతది. బ్యాకప్ ఏం చేసిందో రాసుకునే లాగ్ తెరిచి చూస్తే ప్రతి రాత్రీ అదే వరుస: ఎర్రర్ 32, ఫైలును వేరే ప్రోగ్రాం వాడుతోంది. లెక్కలు చూసే అమ్మాయి సాయంత్రం స్క్రీన్ లాక్ చేసి వెళ్లేది, సాఫ్ట్‌వేర్ మూసేది కాదు. తప్పు ఆ అమ్మాయిది కాదు. లాగ్ చూడాల్సింది నేను, చూడలేదు.

ఈ ఎర్రర్ వెనక నలభై ఏళ్ల కథ ఉంది. 1984లో వచ్చిన ఎంఎస్ డాస్ 3.0 (విండోస్‌కు ముందు మైక్రోసాఫ్ట్ ఆపరేటింగ్ సిస్టమ్)తో పాటు షేర్ అనే చిన్న ప్రోగ్రాం వచ్చింది. నెట్‌వర్క్‌లో ఇద్దరు ఒకే ఫైలు తెరిస్తే ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేయకూడదు. అందుకే ఫైలు తెరిచే ప్రోగ్రాం మిగతావాళ్లు ఏం చేయొచ్చో ముందే చెప్పాలి: చదవొచ్చు, రాయకూడదు, లేదా అసలు ముట్టుకోకూడదు. విండోస్ ఈ పద్ధతినే కొనసాగించింది. ఇందులో ఇంకో మెలిక ఉంది. బ్యాకప్ వచ్చి "నేను చదివేంతసేపు ఎవరూ రాయొద్దు" అని అడిగితే, అప్పటికే రాస్తున్నవాళ్లు ఉన్నారు కాబట్టి విండోస్ దాన్నీ తిప్పి పంపేస్తుంది. లెక్కలను కాపాడే తాళమే కాపీ తీసేవాడికి అడ్డం పడుతుంది. లినక్స్ లాంటి యూనిక్స్ కుటుంబం సిస్టమ్స్‌లో ఇలాంటి తాళాలు మామూలుగా మాట వరసకే, కాపీ ఆగదు. కానీ సగం పాత, సగం కొత్త ఫైలు చేతికి రావచ్చు. నా దృష్టిలో అది ఎర్రర్ కంటే ప్రమాదం, ఎందుకంటే లాగ్‌లో ఏమీ కనిపించదు.

మొదట్లో ఇది పెద్ద బాధ కాదు. సాయంత్రం అందరూ మెషీన్లు ఆపి వెళ్లేవారు, రాత్రి టేపు తిరిగేది. మెషీన్లు రాత్రంతా ఆన్‌లో ఉండటం అలవాటయ్యాక ఆ ఖాళీ సమయం పోయింది.

దారి చూపింది స్నాప్‌షాట్. ఫైలును అడగకుండా, డిస్కు ఆ క్షణంలో ఎలా ఉందో అలా నిలబెట్టి, కాపీ అందులోంచి తీసుకోవడం. 1990ల మొదట్లోనే నెట్‌యాప్ అనే స్టోరేజీ కంపెనీ తన పెట్టెల్లో దీన్ని పెట్టింది. విండోస్‌కు 2001లో ఎక్స్‌పీతో వాల్యూమ్ షాడో కాపీ వచ్చింది. డిస్కులో ఒక ముక్క మారబోయే ముందు పాత ముక్కను పక్కన దాచిపెడుతుంది. డేటాబేస్‌ల లాంటి ప్రోగ్రాంలకు ముందుగా కబురు పెడుతుంది, అవి చేతిలోని పని డిస్కుకు రాసేసి కాసేపు ఆగుతాయి.

మా ఆఫీసులో దెబ్బ తగిలింది సరిగ్గా ఇక్కడే. షాడో కాపీ తీయగలిగేది డిస్కు ఎవరి దగ్గర ఉందో ఆ మెషీన్ మాత్రమే. మా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఒక విండోస్ పీసీలో ఉండి, నెట్‌వర్క్ మీదుగా నాస్ ఫోల్డర్ చదువుతోంది. ఆ పీసీకి అవతల ఫైళ్లు కనిపిస్తాయి కానీ డిస్కు ముక్కలు కనిపించవు. సెట్టింగ్స్‌లో "ఓపెన్ ఫైళ్లనూ కాపీ చేయి" అని టిక్ ఉంది. అది పీసీ సొంత సీ డ్రైవ్‌కే పనికొచ్చింది. ఈ లోటు పూడ్చడానికి మైక్రోసాఫ్ట్ విండోస్ సర్వర్ 2012లో నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్లకు కూడా షాడో కాపీ తెచ్చింది కానీ, అది హైపర్-వీ (ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు నడిపేది) లాంటి సర్వర్ అప్లికేషన్ల కోసం. నాలుగు సీట్ల ఆఫీసులో సాంబాతో (విండోస్ పీసీలకు ఫోల్డర్లు పంచే లినక్స్ ప్రోగ్రాం) నడిచే మా నాస్ లాంటి లినక్స్ పెట్టెకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

కొత్త డిస్కులు ఎలాగూ వేయాల్సి వచ్చింది కాబట్టి ఈసారి వాటిమీద ఫైళ్లను అమర్చే పద్ధతి (ఫైల్ సిస్టమ్) ఈఎక్స్‌టీ4 బదులు, స్నాప్‌షాట్ తీయగల బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పెట్టాను. రాత్రి 9 గంటలకు నాస్ తనే స్నాప్‌షాట్ తీసుకుంటుంది, బ్యాకప్ అందులోంచి చదువుతుంది. అయితే నాస్ నుంచి లెక్కల సాఫ్ట్‌వేర్‌కు కబురు వెళ్లదు. స్నాప్‌షాట్‌లో దాని ఫైలు కరెంటు పోయిన క్షణంలో ఉన్నట్టు ఉంటుంది, తెరుచుకోవచ్చు, తెరుచుకోకపోవచ్చు. అందుకని సాయంత్రం 6కి ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న బ్యాకప్ కూడా తీయిస్తున్నాను. పొద్దున్నే లాగ్ నా ఫోన్‌కు వస్తుంది.

పోయిన 19 రోజుల ఎంట్రీలను ఆ అమ్మాయి, ఇంకో అబ్బాయి కలిసి వోచర్లు ముందు పెట్టుకుని మూడు ఆదివారాలు మళ్లీ కొట్టారు.