ప్రాజెక్టు అంటే థర్మాకోల్ కాదు

ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. స్టాఫ్‌రూమ్‌లో నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: ప్రాజెక్టు అంటే చార్టు, థర్మాకోల్ బొమ్మ.

వాస్తవం: చదువు సాగుతుండగానే పెట్టే నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి కాబట్టి చార్టులు వస్తూనే ఉంటాయి. సగం వాటి మీద అమ్మల చేతిరాతే. 1918లో ప్రాజెక్టు పద్ధతి గురించి రాసిన అమెరికా విద్యావేత్త కిల్‌పాట్రిక్ కోరుకున్నది పిల్లలు మనసారా పూనుకునే పని. బీఈడీలో ఆ నిర్వచనాన్ని మనమంతా బట్టీ పట్టినవాళ్లమే!

అపోహ: పిల్లలకే వదిలేస్తే గోల తప్ప ఏమీ తేలదు.

వాస్తవం: వదిలేస్తే నిజంగానే ఏమీ తేలదు. ప్రశ్న వాళ్లది కావాలి, దాన్ని కొలవడానికి వీలుగా మలచడం మన పని. ఎనిమిదో తరగతిలో సగటు చెబుతుంటే, "మధ్యాహ్న భోజనంలో ఇంత అన్నం ఎందుకు పారేస్తున్నారు సార్?" అని ఒకమ్మాయి అడిగింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు రోజుకు తలా 150 గ్రాముల బియ్యం లెక్క. రెండు వారాల పాటు తరగతివారీగా మిగిలిన అన్నం తూచి, కమ్మీ రేఖాచిత్రాలు గీశారు. బియ్యం బాగోలేదేమోనని నా అనుమానం. తీరా చూస్తే ఎక్కువ పారేసేది లైన్లో చివర నిలబడే తరగతి. వాళ్ల వంతు వచ్చేసరికి కూర అయిపోతోంది! వట్టి అన్నం ఎవరు తింటారు? అందరికీ ఒకే గరిటెతో కొలిచి కూర వడ్డించమని పిల్లలే హెచ్‌ఎం గారికి అర్జీ రాశారు.

ఒక్క పొరపాటు మాత్రం నాదే. వంట అక్కకు ముందుగా చెప్పలేదు. తన వంటకు వంక పెడుతున్నామనుకుని రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

అపోహ: చనువిస్తే భయం పోతుంది.

వాస్తవం: పోతే పోనివ్వండి. మొదటి రోజు తూకం నేనే వేశాను. "ఖాళీ బకెట్ బరువు తీసేశారా సార్?" అన్నాడు, జూన్ నుంచి నోరు విప్పని ఒక కుర్రాడు. తీసెయ్యలేదు. వాళ్ల నాన్న సంతలో కూరగాయలు అమ్ముతాడని నాకు అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి కాటా వాడి చేతికే. హోంవర్కు ఇప్పటికీ ఎగ్గొడతాడు, కాకపోతే ఎందుకు చెయ్యలేదో తనే వచ్చి చెబుతాడు.

అపోహ: సిలబస్ వెనకబడుతుంది.

వాస్తవం: ఇది పూర్తిగా అపోహ కాదు. నాకు నాలుగు పీరియడ్లు ఎక్కువ పట్టాయి. అందుకే టర్ముకి ఒకటే పెట్టుకుంటాను. పదో తరగతితో జనవరి తర్వాత అసలు మొదలుపెట్టను, స్పెషల్ క్లాసుల టెన్షన్ చాలు వాళ్లకి.