అనుమానం కండ మీదికి ఎలా మళ్లింది

ఇందిరా పార్కులో పొద్దున నడక ముగించి బెంచీ మీద కూలబడ్డ మా మామ, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ల్యాబ్ కాగితం తీశాడు. ఫాస్టింగ్ షుగర్ 142. "నేను 58 కిలోలు, ఐదడుగుల ఆరంగుళాలు. ఒంట్ల చర్బీ యాడున్నదిరా? మిఠాయి ముట్ట. మరి నాకెట్లొచ్చింది షుగర్?"

పక్క బెంచీ పెద్దాయన తీర్పు సిద్ధంగా ఉంది: "అన్నం బంద్ చెయ్యండి సార్, అంతే." ఇంకొకాయన ఫోన్లో చూసిన వీడియో సంగతి ఎత్తాడు. కండల్లో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ పనిచేయదట, నూనె మానేస్తే షుగర్ పోతుందట.

ఈ రెండో ఆయన మాటలో సగం నిజం ఉంది. దాని వెనక 60 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. మిగతా సగం ఎక్కడ జారిపోయిందో కూడా ఆ చరిత్రే చెబుతుంది.

మనం ఈ జబ్బును మొదటి నుంచీ చక్కెర వైపు నుంచే చూశాం. మధుమేహం అన్న పేరులోనే తీపి ఉంది. మూత్రం పోసిన చోట చీమలు పట్టాయంటే జబ్బు తేలిపోయినట్టే అనేవాళ్లు మన పెద్దలు. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ కలిసి కుక్కకు క్లోమం తీసేస్తే దాని మూత్రంలో చక్కెర కనబడింది. అక్కడి నుంచి పరిశోధన అంతా చక్కెర దారే పట్టింది. దీని మీద 1992లో డాలస్‌కు చెందిన డెనిస్ మెక్‌గ్యారీ ఒక కొంటె ప్రశ్న వేశాడు. మింకోవ్‌స్కీకి నాలుక రుచి తెలియకపోయి, ముక్కు మాత్రం చురుగ్గా ఉండి ఉంటే? మూత్రంలో తీపికి బదులు అసిటోన్ వాసన పట్టేవాడు. అసిటోన్ కొవ్వు కాలగా వచ్చేది కాబట్టి, దీన్ని కొవ్వు జబ్బు అనుకునేవాళ్లమేమో. ఇది తమాషాకు అన్న మాట కాదు. ఒక కొసను పట్టుకుని లాగుతూ రెండో కొసను వందేళ్లు మరిచిపోయామన్నది ఆయన ఫిర్యాదు.

క్లోమంలో తయారై రక్తంలోని చక్కెరను కణాల్లోకి పంపే ఇన్సులిన్ ఉండీ పనిచేయకపోవచ్చని మొదట గట్టిగా చూపించింది లండన్‌లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్, 1936లో. షుగర్ రోగుల్లో ఇన్సులిన్ ఇస్తే లొంగేవాళ్లు కొందరు, లొంగనివాళ్లు కొందరు అని విడదీశాడు. అప్పటికి రక్తంలో ఇన్సులిన్ ఎంతుందో కొలిచే సాధనమే లేదు కాబట్టి ఆ మాట చాన్నాళ్లు అలాగే ఉండిపోయింది. 1960 నాటికి రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ ఆ కొలత సాధించారు. పెద్ద వయసులో షుగర్ వచ్చినవాళ్లలో చాలామందికి ఇన్సులిన్ తక్కువ లేదు సరికదా, మామూలు కంటే ఎక్కువే ఉంది. అంటే ఇన్సులిన్ వచ్చి తలుపు తడుతోంది, లోపలివాళ్లు తీయడం లేదు.

లోపలివాళ్లెవరు? రాల్ఫ్ డిఫ్రోంజో బృందం 1979లో ఒక పద్ధతి వివరించింది. నరంలోకి ఇన్సులిన్ ఒకే వేగంతో ఎక్కిస్తూ, ఇంకో వైపు గ్లూకోజ్ ఎక్కిస్తూ, ఐదేసి నిమిషాలకు రక్తం చూసి షుగర్ కదలకుండా పట్టి ఉంచాలి. ఎంత గ్లూకోజ్ పోయాల్సి వస్తే ఆ ఒళ్లు ఇన్సులిన్ మాట అంత బాగా వింటున్నట్టు. ఈ పరీక్షల్లో తేలిందేమిటంటే, అలా పోసిన గ్లూకోజ్‌లో సింహభాగం వెళ్లేది అస్థిపంజరానికి అంటుకున్న కండల్లోకే. 1990లో యేల్‌లో జెరాల్డ్ షుల్మన్ బృందం ఒళ్లు కోయకుండానే లోపలి రసాయనాలను అయస్కాంతంతో కొలిచే ఎన్ఎంఆర్ యంత్రంతో పిక్క కండలోకి తొంగి చూసి, షుగర్ రోగుల కండ గ్లూకోజ్‌ను గ్లైకోజెన్‌గా దాచుకునే వేగం ఆరోగ్యవంతుల్లో ఉన్నదానిలో సగం కూడా లేదని చూపించింది. అనుమానం మొత్తం కండ మీదికి మళ్లింది.

ఇక్కడికి కొవ్వు ఎలా వచ్చిందో తెలియాలంటే మళ్లీ వెనక్కి, 1963కు వెళ్లాలి. కేంబ్రిడ్జ్‌లో ఫిలిప్ ర్యాండిల్, ఎలుక గుండెనూ ఉదరవితానం కండనూ బయటికి తీసి, వాటికి కొవ్వు ఆమ్లాలు అందించి చూశాడు. కండ కొవ్వును కాల్చడం మొదలుపెట్టగానే గ్లూకోజ్‌ను కాల్చడం తగ్గించింది. రెండు ఇంధనాలూ ఒకే పొయ్యి కోసం పోటీ పడతాయన్నమాట. కొవ్వు కాలితే వచ్చే పదార్థాలు గ్లూకోజ్ దారిలోని ఎంజైములకు అడ్డుపడతాయని, అందువల్ల గ్లూకోజ్ కణంలోకి రాగానే మారే రూపమైన గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ లోపల పేరుకుపోయి, కొత్త గ్లూకోజ్ రావడానికి చోటుండదని ఆయన లెక్క. బస్సు ముందు తలుపు దగ్గర జనం దిగకపోతే వెనక ఎక్కేవాళ్లు ఆగిపోయినట్టు. ముప్పై ఏళ్లు పాఠ్యపుస్తకాల్లో ఇదే నడిచింది.

1996లో షుల్మన్ బృందంలోని మైకేల్ రోడెన్, ఈ లెక్కను మనిషి మీదే పరీక్షించాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు నరంలోకి కొవ్వు ఎక్కిస్తూ గంటల తరబడి కొలిచారు. మూడు గంటలు దాటాక కండ గ్లూకోజ్ తీసుకోవడం తగ్గుతూ వచ్చి, ఆరు గంటలకు సుమారు సగానికి పడింది. ఇంతవరకూ ర్యాండిల్ మాటే. కానీ లోపల గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ పేరుకోలేదు, తగ్గింది! బస్సు లోపల ఖాళీగానే ఉంది, ఎక్కే తలుపే తెరుచుకోలేదు. ఆ తలుపు పేరు గ్లూట్4. ఇన్సులిన్ కబురందితే కణం లోపలి నుంచి పైపొరకు వచ్చి గ్లూకోజ్‌ను లోనికి తీసుకునే ప్రోటీన్ అది. ఆ కబురు మధ్యలో ఎక్కడో తెగిపోతోంది. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చే మలుపు ఇదే. ముప్పై ఏళ్ల సిద్ధాంతం చూసిన ఫలితం సరైనదే, చెప్పిన కారణం మాత్రం నిలవలేదు.

కబురు తెంపుతున్నది ఎవరన్న దాని మీద ఇప్పటికీ రెండు పార్టీలు. కొవ్వు ముక్కల్లో ఒకటైన డయాసైల్‌గ్లిసరాల్ అంటుంది ఒక పార్టీ, సెరమైడ్ అంటుంది రెండోది. రెండిటికీ గట్టి సాక్ష్యాలున్నాయి. ఆ తగువులోకి నేను దిగను.

అసలు కండలో కొవ్వు అంటే ఏది? ఆదివారం ముషీరాబాద్‌లో మటన్ కొట్టు ముందు నిలబడితే తెలుస్తుంది. తొడ ముక్క కోసేటప్పుడు పోగుల మధ్య తెల్లటి చారలు కనబడతాయి, "చర్బీ తీసెయ్యాల్నా?" అని అడుగుతాడు కొట్టాయన. అది పోగుల బయట ఉన్న కొవ్వు, ఎంతైనా తీసెయ్యొచ్చు. శాస్త్రవేత్తలు వెతికింది దాన్ని కాదు. ఒక్కో పోగు లోపల, కణంలో ఇంధనాన్ని కాల్చే పొయ్యిల్లాంటి మైటోకాండ్రియాలను ఆనుకుని సూక్ష్మదర్శినిలో తప్ప కనబడని నూనె చుక్కలుంటాయి. ఏ కత్తికీ అవి అందవు. 1990లలో ప్రోటాన్ ఎన్ఎంఆర్ ఈ రెండిటి సంకేతాలను విడదీసి చూపగలిగింది. 1999లో వచ్చిన అధ్యయనాల్లో లోపలి చుక్కలు ఎంత ఎక్కువుంటే ఇన్సులిన్ పని అంత తక్కువగా కనబడింది. వీడియో ఆయన కథ ఇక్కడితో ఆగిపోయింది.

తర్వాత రెండేళ్లకే లెక్క తిరగబడింది. పిట్స్‌బర్గ్‌లో బ్రెట్ గుడ్‌పాస్టర్, డేవిడ్ కెల్లీ కండ ముక్కలు తీసి చూస్తే, రోజూ కఠోరంగా సాధన చేసే క్రీడాకారుల పోగుల్లో కూడా షుగర్ రోగుల్లో ఉన్నంత కొవ్వు ఉంది. ఇన్సులిన్ మాట మాత్రం అందరికంటే బాగా వింటున్నది వాళ్లే. దీన్నే క్రీడాకారుల వైరుధ్యం అంటారు. కిరాణా కొట్టులో సరుకు నిండుగా ఉండడం తప్పు కాదు, అమ్ముడుపోకుండా పడి ఉంటేనే పాడవుతుంది. క్రీడాకారుల కండలో చుక్క రోజూ ఖర్చవుతుంది, రోజూ నిండుతుంది. కూర్చుని ఉండే మనిషిలో వచ్చేదే తప్ప పోయేది లేదు, అప్పుడే సగంలో ఆగిన కొవ్వు ముక్కలు కబురుకు అడ్డం పడతాయి. ఎలుకల్లో కొవ్వును పూర్తి ట్రైగ్లిజరైడ్‌గా చుట్టి పెట్టే ఎంజైమును కండలో పెంచినప్పుడు, నిల్వ పెరిగినా ఇన్సులిన్ పని మెరుగైంది. చుక్కలో భద్రంగా చుట్టి ఉన్న కొవ్వుతో అంత చిక్కు లేదు.

మైటోకాండ్రియాలు బలహీనపడడమే మూలమన్న వాదన 2004 ప్రాంతంలో జోరుగా నడిచింది. దాని కాళ్ల కింద చాప లాగింది మనవాళ్లే. 2008లో మేయో క్లినిక్‌లో శ్రీకుమారన్ నాయర్ బృందం భారతీయుల కండలు పరీక్షిస్తే, ఇన్సులిన్ పని బాగా తగ్గి ఉంది, మైటోకాండ్రియా సామర్థ్యం మాత్రం ఉత్తర యూరప్ మూలాలున్న అమెరికన్ల కంటే ఎక్కువగా ఉంది. అంతకు ముందే 1999లో లండన్‌లో దక్షిణాసియా మగవాళ్ల కండల్లో లోపలి కొవ్వు ఎక్కువగా కనబడింది. తమాషా ఏమిటంటే, తెల్లవాళ్లలోలా ఆ కొవ్వుకూ ఇన్సులిన్ పనికీ వాళ్లలో పొత్తు కుదరలేదు. ఇంకొకరి ఒంటి మీద కుట్టిన చొక్కా మనకు సరిగ్గా పట్టలేదన్నమాట.

మామ ప్రశ్నకు దగ్గరగా వచ్చేది పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ జాన్ యుడ్కిన్ కలిసి 2004లో వేసిన ఫొటో. పక్కపక్కనే ఇద్దరు డాక్టర్లు, ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి చూసే బరువు లెక్క, 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. ఆయన మ్యారథాన్లు పరిగెత్తుతాడు, ఈయన పరుగు లిఫ్టు తలుపు మూసుకునేలోపు అందుకోవడానికి. మామ 58 కిలోల్లో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది బరువు మిషన్ చెప్పదు.

అసలు కండ తక్కువతోనే పుట్టి పెరిగితే? ఈ ప్రశ్నకు ఒక జవాబు ముక్క మన ఊరి శివార్లలోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. అది 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక అధ్యయనం చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం అందింది, 14 పల్లెల్లో ఆ పథకం ఇంకా రాలేదు. ఏ ఊరికి ముందు అన్నది చీటీ తీసి నిర్ణయించింది కాదు కాబట్టి దీన్ని చివరి మాటగా తీసుకోలేం. కానీ ఆ పిల్లలను 13 నుంచి 18 ఏళ్ల వయసులో మళ్లీ పిలిచి చూస్తే, తిండి అందిన ఊళ్లవాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఒళ్లు ఇన్సులిన్ మాట ఎంత వినడం లేదో చెప్పే ఇన్సులిన్ నిరోధకత సూచిక 20 శాతం తక్కువుంది. ఈ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి.

ఇదంతా విన్నాక మామ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన పుట్టింది ఇబ్రహీంపట్నం దిక్కు పల్లెలో, 1964లో. "అప్పుడు అంగన్‌వాడీ యాడిదిరా. నేను కడుపుల ఉన్నప్పుడు మా అమ్మ జొన్న గటక తాగి నాట్లకు పోయిందట," అన్నాడు.