ఒకే రూపాయి రెండైన కథ: మారిషస్, సీషెల్స్ మారకపు రేటు నేపథ్యం

సీషెల్స్ రూపాయి ఒకటి కొనాలంటే 2024 నాటి రేట్ల ప్రకారం మూడు మారిషస్ రూపాయలకు పైగా చెల్లించాలి. 1975 చివరి వరకూ ఒకటికి ఒకటే సరిపోయేది. హిందూ మహాసముద్రంలోని ఈ రెండు ద్వీపదేశాల రూపాయలు ఒకే నాణెం నుంచి పుట్టాయి. ఆ నాణెం భారత రూపాయి.

చెరకు తోటల్లో పనిచేయడానికి 1834 నుంచి భారతీయ కూలీలను ఒప్పందాలపై మారిషస్‌కు తరలించారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువారిని కోరంగీలనే పిలిచేవారు. నెలకు ఐదు రూపాయల జీతం, తిండిగింజలు, కొద్దిపాటి బట్టలు ఆ తొలి ఒప్పందాల్లో ఉన్న ప్రతిఫలం. కూలీల రాకపోకలతోనూ, భారత్‌తో సాగిన చక్కెర, బియ్యం వ్యాపారంతోనూ ద్వీపంలో భారత రూపాయి ఎంతగా పాతుకుపోయిందంటే, 1876లో బ్రిటిష్ ప్రభుత్వం పౌండునూ స్థానిక డాలరునూ పక్కనపెట్టి రూపాయినే అధికారిక ద్రవ్యంగా స్వీకరించింది. అణాలూ పైసలూ మాత్రం తీసుకోలేదు. డాలరు అలవాటు ప్రకారం రూపాయిని నూరు సెంట్లుగా విభజించి, 1877లో 1, 2, 5, 10, 20 సెంట్ల నాణేలు ముద్రించారు. రూపాయి నాణెం మాత్రం 1934 దాకా భారత్ నుంచి వచ్చినదే చెల్లింది. అంటే జీతం రోజున కూలీ చేతిలో పడిన వెండి రూపాయి సొంత ఊళ్లో చెల్లేదీ, చెరకు తోట పక్కన కొట్లో చెల్లేదీ ఒకటే. చిల్లర మాత్రం వేరు.

సీషెల్స్ అప్పట్లో మారిషస్ పాలన కింద ఉన్న ద్వీపసమూహం. 1903లో ప్రత్యేక వలసరాజ్యంగా విడిపోయినా అక్కడ చాలాకాలం మారిషస్ రూపాయే నడిచింది. 1914లో యుద్ధం రావడంతో అత్యవసరంగా సొంత నోట్లు వేసుకున్నారు. విలువ మాత్రం మారలేదు. 1934 తర్వాత మారిషస్ రూపాయిని పౌండుకు 13.33 రూపాయల చొప్పున ముడిపెట్టారు. సీషెల్స్‌దీ అదే రేటు, అప్పటికి భారత రూపాయిదీ అదే రేటు. 1966 జూన్ 6న భారత్ తన రూపాయి విలువ తగ్గించి పౌండుకు 21గా నిర్ణయించడంతో మూల నాణెం నుంచి రెండు ద్వీపాలూ తెగిపోయాయి. తమలో తాము మాత్రం సమానంగానే మిగిలాయి.

ఈ సమానత్వాన్ని భంగపరచింది మార్కెట్టు కాదు, రెండు ప్రభుత్వాలు తీసుకున్న నిర్ణయాలు. 1976 జనవరిలో మారిషస్ పౌండును వదిలి, అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల్లో వాడే, పలు దేశాల ద్రవ్యాలను కలిపి విలువ కట్టే ఎస్‌డీఆర్ అనే ప్రమాణానికి తన రూపాయిని ముడిపెట్టింది. అదే ఏడాది జూన్ 29న స్వాతంత్ర్యం పొందిన సీషెల్స్ పౌండుతోనే ఉండిపోయింది. ఆ ఏడాది పౌండు బాగా పడిపోవడంతో దానితోపాటు సీషెల్స్ రూపాయీ పడింది. కాబట్టి మొదట చిక్కిపోయింది సీషెల్స్ రూపాయేనని గమనించాలి. ఈ సంగతిని చాలామంది మరచిపోతారు.

ఆ తర్వాత మూడేళ్లకు లెక్క తారుమారైంది. 1974-75లో చక్కెర ధరలు ఆకాశాన్నంటినప్పుడు జీతాలూ ప్రభుత్వ ఖర్చులూ పెంచుకున్న మారిషస్, ధరలు దిగివచ్చాక విదేశీ మారకద్రవ్య నిల్వలు కరిగిపోయి ద్రవ్యనిధి తలుపు తట్టింది. 1979 అక్టోబరులో ఒకసారి, 1981 సెప్టెంబరులో మరోసారి రూపాయి విలువ తగ్గించింది. ఎస్‌డీఆర్ ధర సుమారు 7.7 రూపాయల నుంచి 10కి, అక్కడి నుంచి 12కు చేరింది. సరిగ్గా ఈ రెండు ఘట్టాల నడుమ, 1981లో, సీషెల్స్ ఎదురుదారి పట్టింది. 1977 తిరుగుబాటుతో అధికారంలోకి వచ్చిన ఫ్రాన్స్-ఆల్బర్ట్ రెనే ప్రభుత్వం 1979లోనే ఎస్‌డీఆర్‌కు మారి, 1981లో రూపాయి విలువను 15 శాతం పెంచి ఎస్‌డీఆర్‌కు 7.2345గా ఖరారు చేసింది. వాడే సరుకుల్లో అధికభాగం ఓడల మీద రావలసిన దేశానికి బలమైన రూపాయి అంటే చవకైన తిండి అన్నది అక్కడి తర్కం. ఏడాది ముగిసేసరికి ఒక సీషెల్స్ రూపాయి సుమారు 1.66 మారిషస్ రూపాయలకు సమానమైంది.

మారిషస్‌లో ఈ తగ్గింపుల భారం సామాన్యులపైనే పడింది. 1980లో ధరలు 40 శాతానికి పైగా పెరిగాయి. 1982 ఎన్నికల్లో మారిషస్ ద్వీపంలోని 60 స్థానాలనూ ప్రతిపక్ష కూటమి గెలుచుకుని, స్వాతంత్ర్యం తెచ్చిన శివసాగర్ రామ్‌గులామ్ ప్రభుత్వాన్ని ఇంటికి పంపింది. అయితే అదే చవకైన రూపాయి తర్వాతి దశకంలో దుస్తుల ఎగుమతులకు ఊతమైంది. 1994 నాటికి విదేశీ మారకద్రవ్యంపై ఆంక్షలనే ఎత్తివేసే స్థితికి దేశం వచ్చింది.

సీషెల్స్ భారాన్ని దాచిపెట్టింది, తీర్చలేదు. 2000 తర్వాతి సంవత్సరాల్లో డాలరుకు 5.5 రూపాయలన్నది అధికారిక రేటు; దాని ప్రకారం ఒక సీషెల్స్ రూపాయికి ఐదు మారిషస్ రూపాయలకు మించి రావాలి. కానీ ఆ రేటుకు బ్యాంకుల్లో డాలర్లు దొరికేవి కావు. వ్యాపారులు వరుసలో వేచి ఉండేవారు, లేదా నల్లబజారుకు వెళ్లేవారు. కాబట్టి పాత రేట్ల పట్టికలో ఆ కాలపు అంకెలను చూసి సీషెల్స్ రూపాయి ఐదింతలు బలమైనదని అనుకోవడం పొరపాటు. అది ప్రభుత్వం ప్రకటించిన ధరే తప్ప సరుకు దొరికిన ధర కాదు.

2008 అక్టోబరులో 23 కోట్ల డాలర్ల బాండ్లపై చెల్లింపు ఆపేసిన సీషెల్స్, నవంబరులో ద్రవ్యనిధి సాయంతో రూపాయిని మార్కెట్టుకు వదిలింది. అప్పటికే డాలరుకు ఎనిమిది దాకా తగ్గిన రూపాయి కొద్ది నెలల్లో పదహారుకు చేరింది. మారిషస్ రూపాయితో దాని నిష్పత్తి రెండుకు అటూ ఇటూ వచ్చింది. ఈ రెండు ద్రవ్యాలను నేరుగా కొనేవారూ అమ్మేవారూ తక్కువ. రెండింటికీ డాలరులో ఉన్న ధరలను పోల్చి లెక్కకట్టిన రేటునే మనం చూస్తాం. సీషెల్స్‌కు డాలర్లు ఎక్కువగా పర్యాటకుల నుంచే వస్తాయి; అందువల్ల వారు రావడం ఆగిపోతే ముందు కదిలేది సీషెల్స్ అంకె. 2020 చివర కొవిడ్ దెబ్బకు డాలరు ధర 21 సీషెల్స్ రూపాయలు దాటి ఈ నిష్పత్తి రెండు కంటే కిందికి దిగింది. 2021 మార్చిలో ద్వీపాలు పర్యాటకులకు తలుపులు తెరిచాక, ఏడాది ముగిసేలోగా సుమారు మూడుకు చేరింది.